పలకని మనిషి పక్కన ఒక అంకె

మన కథల్లో, నవలల్లో స్పృహ తప్పని నాయికలు బహు తక్కువ. పిడుగులాంటి వార్త చెవిన పడగానే ఆమె నిలువునా కూలిపోతుంది. తర్వాతి పేజీలో డాక్టరు వస్తాడు. నాడి చూసి, “మనసుకు గట్టి దెబ్బ తగిలింది, కష్టం కలిగించే మాటలేవీ ఆమె దగ్గర ఎత్తకండి” అని చెప్పి బ్యాగు మూసుకుని వెళ్లిపోతాడు. జబ్బుకు పేరుండదు. ఎక్కడైనా రచయిత పేరు పెట్టదలిస్తే అది హిస్టీరియానే. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట పెరిగిందో, చివరికి వైద్యులే దాన్ని ఎప్పుడు వదిలించుకున్నారో మనం అడగలేదు. అది పెళ్లికాని ఆడపిల్లకు వచ్చే జబ్బనీ, మెడలో మూడు ముళ్లు పడితే అదే పోతుందనీ మన ధారావాహికలు చాలాకాలం పాఠకులకు బోధించాయి. విమర్శకులమైన మనం పాత్రచిత్రణ కుదిరిందా లేదా అని చూశాంగాని, ఆ రోగనిర్ధారణ మాటేమిటని నిలదీయలేదు.

నేను తెలుగు చదువుకున్నవాణ్ని, బడిపంతుల్ని. వైద్యం నా విషయం కాదు. అయినా ఈ చరిత్ర తవ్వవలసిన అవసరం ఒక కాగితం వల్ల నాకు కలిగింది. ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి.

2011 డిసెంబరు. మా బడిలో అర్ధసంవత్సర పరీక్షలు. ఆ రోజు లెక్కలు. తొమ్మిదో తరగతి గదిలో నేను కాపలా ఉన్నాను. గంట గడిచాక మూడో బెంచీలో ఒక అమ్మాయి తల వాల్చేసింది. భుజం తట్టాను, పలకలేదు. పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. మూసుకున్న రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. ఎవరో నీళ్లు చల్లారు. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు. వంటావిడ ఉల్లిపాయ తుంచి ముక్కు దగ్గర పట్టింది. “మొన్న ఇంటి దగ్గర కూడా ఇట్టాగే పడిందంటండీ” అంది పక్క పిల్ల. అప్పుడు నేనన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. “లెక్కల పరీక్ష కదా, అందుకే” అన్నాను. నలుగురైదుగురు పిల్లలు నవ్వారు.

సాయంత్రానికీ ఆమె పలకలేదు. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఆటోలో ముందు దగ్గరి ఊరికి, అక్కణ్నుంచి జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నాలుగో రోజు తెల్లవారుజామున ఆ అమ్మాయి కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో అడుగున ‘ఎఫ్ 44.2’ అని రాసి, పక్కనే ఒక ప్రశ్నార్థకం ఉంది. తండ్రి ఆ కాగితం నా చేతికిచ్చి, “ఇదేం నంబరు మాస్టారూ? కేసు నంబరా?” అని అడిగాడు. తెలియదన్నాను. తెలుసుకుని చెబుతానన్నాను. తెలుసుకోవడానికి చాలా ఏళ్లే పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాలన్నిటికీ అంకెలు వేసి ఒక పట్టిక నిర్వహిస్తుంది. ఎఫ్ అంటే ఆ పట్టిక పదో కూర్పులో మానసిక రుగ్మతల అధ్యాయం. 44 అంటే డిసోసియేటివ్ రుగ్మతలు. మనిషిలో చేతన, జ్ఞాపకం, నేననే ఎరుక, ఒంటి మీద అదుపు ఒకే తాటి మీద నడవడం మామూలు. భరించలేని ఒత్తిడి పడినప్పుడు ఆ తాడు ఎక్కడో ఒకచోట సడలి, ఒకటి ఇంకొకదానికి అందకుండా పోతుంది. చుక్క తర్వాత సున్నా ఉంటే జ్ఞాపకం పోయినట్టు, ఒకటి ఉంటే ఇల్లు విడిచి ఎటో వెళ్లిపోయినట్టు, మూడుంటే పూనకం లాంటి స్థితి, నాలుగుంటే కాలో చెయ్యో గొంతో పనిచేయనట్టు, ఐదుంటే ఫిట్స్‌లాంటివి. రెండంటే స్టూపర్. మనిషి కదలదు, పలకదు. వెలుగుకూ చప్పుడుకూ స్పర్శకూ జవాబివ్వదు. అయినా కండరాల బిగువు, ఊపిరి, కళ్ల కదలిక చూస్తే ఆమె నిద్రలోనూ లేదు, స్పృహ లేకుండానూ లేదు అని తెలుస్తుంది. తెలుగులో దీనికి మాట లేదు. ‘మూర్ఛ’ అన్నామా, వాడుకలో అది ఫిట్స్ అయి కూర్చుంది. ‘స్పృహ తప్పింది’ అన్నా అబద్ధమే. ‘గాలి సోకింది’ అంటే మంత్రగాడు, మిరపకాయల పొగ సిద్ధం.

రోగాలకు అంకెలు వేసే ఈ పద్ధతి మొదట చచ్చినవాళ్ల కోసం పుట్టిందన్న సంగతి నాకు విచిత్రంగా తోచింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో విలియం ఫార్ మరణ కారణాలకు ఒకే రకం పేర్లుండాలని పట్టుబట్టాడు. 1893లో చికాగోలో కూడిన అంతర్జాతీయ గణాంక సంస్థ, ఫ్రెంచివాడైన జాక్ బెర్తియాన్ తయారుచేసిన పట్టికను ఆమోదించింది. చచ్చినవాడికి తన పక్కన ఏ అంకె వేస్తే ఏమిటి? అభ్యంతరం చెప్పడు. 1948లో ఆరో కూర్పు నాటికి పట్టిక ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చి, బతికున్నవాళ్ల జబ్బులను కూడా చేర్చుకుంది. మానసిక రుగ్మతలకు ప్రత్యేక విభాగం దొరికింది అప్పుడే. 1975లో ఖరారైన తొమ్మిదో కూర్పులో కూడా ‘హిస్టీరియా’ 300.1 అనే అంకె కింద దర్జాగా ఉంది. 1980లో అమెరికన్ మనోవైద్యులు తమ సొంత పట్టిక మూడో కూర్పులో ఆ పేరు తీసేశారు. 1990లో ఆమోదం పొందిన పదో కూర్పులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానికి స్వస్తి చెప్పింది. అంటే మన రచయితలు కొందరు ఇప్పటికీ వాడుతున్న జబ్బు, పుస్తకాల్లోంచి పోయి ఒక తరం దాటింది.

ఆ పేరు గ్రీకు మాట. గర్భసంచి అని అర్థం. గర్భసంచి ఒంట్లో తిరుగాడి ఊపిరాడనివ్వదని, గర్భం దాలిస్తే కుదురుకుంటుందని ప్రాచీన గ్రీసు నమ్మింది. మన ధారావాహికల్లోని “పెళ్లి చేసేయండి” అనే వైద్యానికి, ఆ గ్రీకు వైద్యానికి ఉన్న పోలిక గమనించండి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వెతకనక్కర్లేదు. ఆడమనిషి ఒంటి మీద ఒకే రకం పెత్తనం ఉన్న రెండు సమాజాలు ఒకే మందు చీటీ రాశాయి.

దీనికి శాస్త్ర గౌరవం తెచ్చినవాడు షార్కో. పారిస్‌లో సాల్‌పెత్రియేర్ అనే ఆసుపత్రి ఉంది. ఒకప్పుడది తుపాకీమందు తయారుచేసిన చోటు. 1656లో 14వ లూయీ కాలంలో దాన్ని పేదలను, దిక్కులేని ఆడవాళ్లను కుక్కే ఇంటిగా మార్చారు. 1862లో షార్కో అక్కడికి పెద్ద వైద్యుడిగా చేరాడు. ఆయన నిజంగానే గొప్ప నరాల వైద్యుడు. హిస్టీరియా మగవాళ్లకూ వస్తుందని, అది బుకాయింపు కాదని గట్టిగా వాదించాడు. కానీ ఆయన చేసిన రెండో పని కూడా చూడాలి. రోగులను హిప్నటైజ్ చేసి, పలుకూ కదలికా లేని ‘లెథార్జీ’ స్థితిని అందరి ముందూ ప్రదర్శించాడు. చూడడానికి వైద్యులతో పాటు రచయితలు, కళాకారులు కూడా వచ్చేవారు. ఫొటోలు తీసి సంపుటాలుగా వేశారు. 1887లో బ్రూయే గీసిన ప్రసిద్ధ చిత్రంలో షార్కో ఉపన్యసిస్తుంటాడు, బ్లాంష్ విట్‌మన్ అనే రోగి వెనక్కి వాలి ఉంటుంది, చాలామంది మగవాళ్లు చూస్తుంటారు. నాన్సీ నగరంలోని బెర్న్‌హైమ్ ఇదంతా సూచన ప్రభావమే అన్నాడు. 1893లో షార్కో పోయాడు. ఆ తర్వాత బ్లాంష్‌కు ఆ దాడులు రాలేదు. అదే ఆసుపత్రిలో ఫొటో గదిలో, తర్వాత ఎక్స్‌రే గదిలో పనిచేసింది. ఆ రోజుల్లో ఎక్స్‌రే ప్రమాదం ఎవరికీ తెలియదు. ఆ కిరణాలు ఆమె చేతులను తినేశాయి. చిత్రం చూసేవాళ్లెవరికీ ఈ చివరి భాగం కనబడదు.

షార్కో శిష్యుడు పియేర్ జానే. 1889లో వెలువడిన తన సిద్ధాంత గ్రంథంలో చేతన ముక్కలుగా విడివడి నడవగలదని వివరించాడు. నేటి ‘డిసోసియేటివ్’ అనే మాటకు మూలపురుషుడు ఆయనే. సాహిత్య విద్యార్థులకు ఫ్రాయిడ్ పేరు తెలిసినంతగా జానే పేరు తెలియదు. అన్యాయమే. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి రాసిన పుస్తకంలోని ‘అన్నా ఓ’ అందరికీ తెలుసు. జబ్బుపడ్డ తండ్రికి సేవచేస్తూ చేస్తూ మాతృభాష మర్చిపోయిన యువతి. ఆ పేరు వెనక ఉన్న బెర్తా పాపెన్‌హైమ్ తర్వాత 1904లో జర్మనీలో యూదు స్త్రీల సమాఖ్యను స్థాపించిన నాయకురాలని ఎందరికి తెలుసు?

ఈ చరిత్రలో నాకు బాగా పట్టుబడిన ఘట్టం మొదటి ప్రపంచయుద్ధం. అంతవరకూ ఆడదాని జబ్బు అనుకున్నది కందకాల్లోని వేలాది మగవాళ్లకు వచ్చింది. మాట పడిపోయింది, నడక పడిపోయింది, కొందరు పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూస్తుండిపోయారు. హిస్టీరియా అనడానికి సైన్యానికి మనసొప్పలేదు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ వైద్య పత్రికలో ‘షెల్ షాక్’ అనే మాట వాడాడు. అంకెల కథ ఇక్కడ అక్షరాల కథ అవుతుంది. బ్రిటిష్ సైన్యం ఒక నియమం పెట్టింది. గుండు పేలడం వల్ల, అంటే శత్రువు వల్ల దెబ్బతిన్నవాడి కాగితం మీద ‘డబ్ల్యు’ వేయాలి. వాడు గాయపడ్డవాడి కింద లెక్క. చొక్కా చేతికి గాయం పట్టీ కుట్టుకోవచ్చు, పింఛనుకు అర్హుడు. గుండు పేలకుండానే కుప్పకూలినవాడి కాగితం మీద ‘ఎస్’ వేయాలి. వాడు ఉత్త రోగి. పట్టీ లేదు, పింఛను లేదు. లక్షణాలు ఇద్దరికీ ఒకటే కావచ్చు. తేడా అక్షరంలో ఉంది. 1917లో ఇంకో అడుగు వేశారు. షెల్ షాక్ అనే మాటే రాయవద్దు, ‘ఇంకా నిర్ధారణ కాని నరాల రోగం’ అని రాసి పంపండి అన్నారు. ఆ సైనికుడు నిజంగా పేలుడుకు గురయ్యాడా లేదా అని చెప్పవలసిందిగా అతని దళాధికారికి ఫారం వెళ్లేది. రోగనిర్ధారణ వైద్యుడి చేతిలోంచి దొరగారి చేతిలోకి జారింది.

వర్గ భేదం కూడా దాగలేదు. సామాన్య సైనికుడిది హిస్టీరియా, అధికారిది నరాల నీరసం. లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యెల్లాండ్ మూగబోయిన సైనికుల గొంతుకు కరెంటు పెట్టి మాట్లాడించి, 1918లో ఆ విజయాలను పుస్తకంగా వేసుకున్నాడు. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో అధికారులకు రివర్స్ వంటి వైద్యులు కూర్చోబెట్టి మాట్లాడుతూ వైద్యం చేశారు. కవి సాసూన్ 1917లో యుద్ధాన్ని నిరసిస్తూ బహిరంగ ప్రకటన చేస్తే, సైనిక న్యాయస్థానంలో నిలబెట్టడం ఇబ్బందని అదే ఆసుపత్రికి పంపారు. మాట పోయినవాడి చేత కరెంటు పెట్టి మాట్లాడించారు. మాట్లాడినవాణ్ని రోగిగా రాసి మాట విలువ తీసేశారు. ఇక మందూ మాకూ అక్షరమూ ఏదీ దక్కక, పారిపోయాడనో పిరికివాడనో కాల్చివేతకు గురైన 306 మందికి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది.

ఇంతవరకూ చదివినవాళ్లకు ‘రోగం లేదు, అంతా సమాజమే’ అనే తేలిక సిద్ధాంతం తట్టవచ్చు. మన వైపు వాళ్లలో కొందరు దాన్ని ఉత్సాహంగా ఎత్తుకుంటారు కూడా. అది ప్రమాదం. 1965లో ఎలియట్ స్లేటర్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు, అదే క్వీన్ స్క్వేర్‌లో హిస్టీరియా అని ముద్రపడిన 85 మంది సుమారు తొమ్మిదేళ్ల తర్వాత ఏమయ్యారో వెతికాడు. చాలామందిలో అసలైన శరీర రోగాలు బయటపడ్డాయి. పన్నెండు మంది చనిపోయారు, వాళ్లలో నలుగురు ఆత్మహత్య చేసుకున్నారు. ‘మనసు వల్ల’ అనే మాట వైద్యుడి అజ్ఞానానికి ముసుగు కాగలదని ఆయన తేల్చాడు. అయితే ఆ మాటనూ అంతటితో ఆపకూడదు. 2005లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పొరపాటు నిర్ధారణ 1950ల్లో నూటికి ఇరవై తొమ్మిది దాకా ఉన్నది 1970ల నుంచి నాలుగుకు పడిపోయిందని తేలింది. వైద్యుల చూపు మెరుగుపడింది. అయినా 2007లో దాల్మావ్ బృందం ఒక మెదడువాపును కొత్తగా గుర్తించింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడిచేసే జబ్బది. ఎక్కువగా వచ్చేది యువతులకు. పిచ్చిగా ప్రవర్తించడం, ఆపైన పలక్కుండా అయిపోవడం. సకాలంలో గుర్తిస్తే చాలామంది కోలుకుంటారు. అంతకుముందు ఇటువంటివాళ్లు ఎందరు పిచ్చాసుపత్రుల్లోనూ, దర్గాల్లోనూ, భూతవైద్యుల ముంగిళ్లలోనూ తెల్లారిపోయారో!

కనుక పలకని మనిషి ముందు నిలబడిన వైద్యుడి పని కష్టమైనది. రక్తంలో చక్కెర చూడాలి. మెదడువాపు కాదని తేల్చాలి. కొట్టుకోకుండానే లోలోపల నడిచే ఫిట్స్ ఉన్నాయేమోనని ఈఈజీ తీయాలి. తీవ్రమైన దిగులులో, స్కిజోఫ్రీనియాలో కూడా మనిషి బిగుసుకుపోతుంది, దాన్ని వేరుచేయాలి. రెప్పలు విప్పబోతే బిగపడతాయా, చెయ్యి ఎత్తి వదిలితే మొహం మీద పడుతుందా పక్కకు తప్పుకుంటుందా అని చూస్తారు. చెయ్యి పక్కకు తప్పుకుంటే నటన అని అర్థం కాదు. మెదడు పనిచేస్తోంది, దారి మాత్రం మూసుకుపోయింది అనే అర్థం. నేను ఆ రోజు పరీక్ష గదిలో గుడ్ల కదలిక చూసి నటన అనుకున్నాను. అదే కదలిక చూసిన వైద్యుడు 44.2 అనుకున్నాడు.

ఇవన్నీ కాదని తేలినంత మాత్రాన ఎఫ్ 44.2 వేయడానికి వీల్లేదు. పదో కూర్పు రెండో షరతు పెట్టింది. ఈమధ్య కాలంలో ఆ మనిషి మీద పడిన ఒత్తిడికో, తీరని సమస్యకో నిలకడైన ఆధారం కనబడాలి. అది దొరక్కపోతే నిర్ధారణ తాత్కాలికమే. ఈ షరతు చదివినప్పుడు నాకు మన అలంకారశాస్త్రం గుర్తొచ్చింది. భరతుడు ముప్పై మూడు వ్యభిచారి భావాలను లెక్కపెట్టాడు. వాటిలో ‘జడత’ ఒకటి. ఇష్టమైనదో అనిష్టమైనదో వినడం, చూడడం, లేదా వ్యాధి దీనికి కారణాలు. మాట్లాడకపోవడం, రెప్పవేయని చూపు, పరవశత్వం దీని గుర్తులు. సాత్త్విక భావాల్లో ‘ప్రళయం’ వేరే ఉంది. ‘అపస్మారం’ వేరే ఉంది. ఉన్నది దాచిపెట్టే ‘అవహిత్థ’ మరొకటి. అంటే పడిపోవడం, ఫిట్స్, పలకకపోవడం, దాచడం నాలుగూ నాలుగు గళ్లలో పడ్డాయి. మా పూర్వులకు అన్నీ తెలుసు అని గుండెలు చరుచుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. అది రోగి కోసం వేసిన పట్టిక కాదు, నటుడి కోసం వేసినది. కాని ఒక విషయం ఆయన మర్చిపోలేదు. విభావం చెప్పకుండా అనుభావం చెప్పడు. కారణం లేని జడత ఆయన పట్టికలో లేదు. మన కథల్లోని డాక్టరు బ్యాగు మూసుకుని వెళ్లిపోయేది సరిగ్గా ఈ చోటే.

అంకె ఎంత దూరం పోగలదో చెప్పడానికి స్వీడన్ ఉదాహరణ ఒకటి చాలు. 2003 నుంచి 2005 ఏప్రిల్ వరకు ఆ దేశంలో 424 మంది పిల్లలు ఇలా అయిపోయారని నమోదైంది. వాళ్లంతా ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల పిల్లలు. పాత సోవియట్ రాజ్యాల నుంచి, విడిపోయిన యుగోస్లావియా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ముందు ఆట మానేస్తారు. తర్వాత మాట, తర్వాత తిండి. చివరికి మంచం మీద తోటకూర కాడలా వాలిపోతారు. గిల్లినా కదలరు. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోయాలి. నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి. పరీక్షల్లో శరీర రోగం కనబడదు. కుటుంబం ఆశ్రయ దరఖాస్తు తిరస్కారానికి గురైన తర్వాతనో, ఆ భయంలోనో ఇది మొదలయ్యేది. ఆ దేశంలో ఉండడానికి అనుమతి దొరికితే నెలల మీద మెల్లగా కోలుకునేవారు.

అక్కడ కూడా మొదట వచ్చిన మాట నేనన్న మాటే. నటిస్తున్నారన్నారు. తల్లిదండ్రులే ఏదో మందు పెడుతున్నారని కూడా అన్నారు. ప్రభుత్వం ఒక సమన్వయకర్తను నియమించి విచారణ చేయించింది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. 2014లో స్వీడన్ ఆరోగ్య సంక్షేమ మండలి దీనికి ‘చేతులెత్తేసిన స్థితి’ అని అర్థం వచ్చే పేరు పెట్టి, ఎఫ్ 32.3ఎ అని సొంత అంకె ఇచ్చింది. 44.2 కాదు. తీవ్రమైన దిగులు కింద ఉన్న అంకెకు ఒక అక్షరం తగిలించారు. ఇది క్యాటటోనియా అని 2016లో కొందరు పరిశోధకులు వాదించారు. 2019లో ఒక స్వీడిష్ పత్రిక, చిన్నప్పుడు పెద్దలు తమచేత బలవంతంగా నటింపజేశారని చెప్పిన ఇద్దరి మాటలు వేసింది. ఈ సంగతి దాచిపెట్టి స్వీడన్ కథ చెప్పడం నిజాయితీ కాదు. అయితే ఇద్దరి మాట వందలమందికి అంటగట్టడం ఏ తర్కం? పిల్లవాణ్ని నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టవలసి వచ్చిన ఇంట్లో ఏ భయం కాపురముందో ఆ ‘నటన’ అనే మాట అడగదు.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఆ పిల్లలకు పనిచేసిందని ఎక్కువమంది చెప్పిన మందు నివాస అనుమతి పత్రం. దాన్ని ఏ డాక్టరూ చీటీ మీద రాయలేడు. అదే పదో కూర్పులో చివర జెడ్ అధ్యాయం ఉంది. ఉద్యోగం పోవడానికి, ఇల్లు లేకపోవడానికి, కుటుంబ చిక్కులకు, కోర్టు చిక్కులకు కూడా అందులో అంకెలున్నాయి. కటిక పేదరికానికి జెడ్ 59.5. పట్టిక రాసినవాళ్లు అంత దూరం ఆలోచించారు. రోజూ కాగితాలు నింపేవాళ్లు ఆ అధ్యాయం దాకా వెళ్లడం అరుదు.

పూనకం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను, లేకపోతే మిత్రులు అడుగుతారు. సికింద్రాబాదు బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీకి ఏ అంకే పడదు. సమాజం ఒప్పుకున్న సందర్భంలో, ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని పట్టిక రోగంగా చూడదు. మనిషి కోరకుండా, రోజువారీ బతుకులోకి చొరబడి బాధపెట్టేదే 44.3. ఈ గీత గీయడం వల్ల పట్టిక మనవాళ్ల కన్నా, మన హేతువాదుల కన్నా కూడా ఒక్కోసారి ఓపికగా ప్రవర్తించిందని ఒప్పుకోవాలి. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో పరవశానికి, పూనకానికి వేర్వేరు అంకెలే ఇచ్చారు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా రోగనిర్ధారణకు ఈ అంతర్జాతీయ పట్టికనే ప్రమాణంగా పేర్కొంది. బీమా విషయంలో శరీర రోగానికీ మనోరోగానికీ తేడా చూపకూడదంది. అంకె ఇప్పుడు డబ్బుకు కూడా తాళంచెవి.

ఇక ఆ ప్రశ్నార్థకం సంగతి. కాగితం నకలు నా దగ్గరే ఉంది. వైద్యులు రోగి చెప్పే కథను ‘హిస్టరీ’ అంటారు, చరిత్ర అని. ఆ గడిలో ఒక్క వాక్యం ఉంది: పరీక్ష రాస్తూ బడిలో పడిపోయింది.

రెండో రోజు రాత్రి డ్యూటీ డాక్టరు మమ్మల్నిద్దరినీ పక్కకు పిలిచాడు. కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు. “ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా? ఈమధ్య అమ్మాయి మనసుకు కష్టం కలిగించే సంగతేదైనా జరిగిందా?” అని అడిగాడు. తండ్రి నేలచూపులు చూశాడు. తర్వాత నా వంక చూశాడు. అంతకు పక్షం రోజుల ముందు అతను బడికొచ్చి, “మాఘంలో ముహూర్తం మాస్టారూ, మా బావమరిదికే ఇస్తున్నాం” అని నాతో చెప్పాడు. ఆ బావమరిదికి ముప్పై దాటాయి. అమ్మాయికి ఇంకా పదిహేను నిండలేదు. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చిందని, ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా రాసిన కాగితం మా ఉపాధ్యాయుల గదిలో గోడకు అంటించి ఉంది. “చదువు మాత్రం మాన్పించకయ్యా” అని అప్పుడు నేను సరిపెట్టాను. డాక్టరు అడిగినప్పుడు అతని పరువు, ఊళ్లో మాట, పోలీసు కేసు అన్నీ నా కళ్ల ముందు మెదిలాయి. “అలాంటివేం లేవండీ, బాగా చదివే పిల్ల” అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, తలూపి వెళ్లిపోయాడు.

మాఘంలో పెళ్లి జరిగింది. నన్నూ పిలిచారు, వెళ్లలేదు. జూన్‌లో పదో తరగతి హాజరు పట్టీ నేనే రాశాను, ఆమె పేరు లేకుండా. పాత పట్టీలో బడి మానేసినవాళ్ల పేర్ల ఎదురుగా కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆమె పేరు ఎదురుగా ‘అనారోగ్యం’ అని ఉంది. ఆ దస్తూరీ నాదే.